10×12 గదికి పాత స్పీకర్లు: మద్రాసులో 12 అంగుళాల జత చూశాను, తీసుకోవచ్చా?

బైరాగిపట్టెడ బాబు | తిరుపతి | శనివారం రాత్రి 9.20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదువుతూ పోవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు.

మా నాన్న చిత్తూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన కొన్న ఎల్పీలు రెండు వందల దాకా ఉన్నాయి. దేవస్థానం కోసం ఎమ్మెస్ పాడినవి, బాలమురళి కచేరీలు, ఎనభైల నాటి ఇళయరాజా. పాత ఇంటి అటక మీద పడి ఉంటే దించి తిరుపతికి తెచ్చుకున్నా. టర్న్‌టేబుల్ బాగుచేయించా. ఆంప్ (యాంప్లిఫయర్) పాత జపాన్ రిసీవర్, ఛానెల్‌కు 35 వాట్లు. 100 వోల్టులది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నా. ఇక మిగిలింది స్పీకర్లే.

మేడమీద గది ఖాళీగా ఉంది, దాన్ని పాటల గది చేసుకుందామని. మూడు జతలు చూసి పెట్టాను:

మద్రాసులో ఒకాయన దగ్గర జేబీఎల్ ఎల్100 అట. 12 అంగుళాల తెల్ల వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్), త్రీ వే, అంటే ఒక్కో డబ్బాలో మూడు రకాల స్పీకర్లు. 48 వేలు చెబుతున్నాడు. పోయి విన్నాను, గుండెల్లో దడ పుట్టింది.
బెంగళూరులో యమహా ఎన్‌ఎస్-10ఎం, 40 వేలు.
వేలూరులో ఏఆర్-18, రెండూ చిన్న బాక్సులు. వూఫర్ చుట్టూ ఉండే స్పాంజి పోయిందని ఆయనే చెప్పాడు. 14 వేలు.

నా దగ్గర ఉన్నది 45 వేలు. మనసంతా మద్రాసు జత మీదే ఉంది. మూడు వేలు ఎలాగోలా సర్దుకుంటా. ఏమంటారు?

మైకుసెట్టు పుత్తూరు | శనివారం రాత్రి 9.41

ఏమనేదేముంది అన్నా, 12 అంగుళాలు తీసుకో. ఎనిమిది అంగుళాల్లో బేస్ ఏం బేస్, దోమ రొద.

కొత్తదే మేలు | రేణిగుంట | శనివారం రాత్రి 10.05

నలభై ఏళ్ల నాటి సామాను మీద 48 వేలా? ఆ డబ్బుకు కొత్తవి వస్తాయి, బిల్లు ఉంటుంది, వారంటీ ఉంటుంది. పాతవాటికి ఏదైనా అయితే ఎవరి తలుపు కొడతారు?

పాత వాల్వు | చిత్తూరు, కట్టమంచి | ఆదివారం ఉదయం 6.30

కొత్తదే మేలు గారి మాటలో తప్పేం లేదు. తలనొప్పి వద్దనుకుంటే కొత్తవే కొనాలి. అయితే బాబు అడిగింది అది కాదు కదా.

బాబూ, నువ్వు స్పీకర్ల గురించి పది వాక్యాలు రాశావు, గది గురించి ఒక్కటి. పొడవు వెడల్పు సరే, కప్పు ఎత్తు ఎంత? కింద ఏం పరిచారు? గోడలకు ఏమైనా ఉందా? నువ్వు కూర్చునేది ఎక్కడ? అవి చెప్పు. ఆ మద్రాసు జత ఫోటోలు కూడా పెట్టు, జాలీ తీసినవి.

బైరాగిపట్టెడ బాబు | ఆదివారం ఉదయం 8.10

పొడవు 12 అడుగులు, వెడల్పు 10. కప్పు కూడా కొలిచాను సార్, సరిగ్గా 10 అడుగులు. కింద విట్రిఫైడ్ టైల్స్. గోడలు ఖాళీ, ఒక ఇనప బీరువా ఉంది. వీధి వైపు ఒక కిటికీ. వెనక గోడకు ఆనించి దివాన్ వేశా, కూర్చునేది దాని మీదే. స్పీకర్లు ఎదురు గోడకు రెండు మూలల్లో పెడదామని.

ఫోటోలు పెడుతున్నా. జాలీ అంటే ఆ నారింజ రంగు స్పాంజి డబ్బీలదే కదా? అది తీస్తుంటే పొడి రాలింది, ఆయన కాస్త విసుక్కున్నాడు.

ఫిజిక్స్ టీచరమ్మ | తిరుపతి | ఆదివారం ఉదయం 11.15

పదో తరగతి పేపర్లు దిద్దడం ఆపి మరీ రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

గదిలో ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుని, కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర నిలబడిపోతుంది. లెక్క తేలికే: ధ్వని వేగం సెకనుకు 344 మీటర్లు, దాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగించాలి. మీ 12 అడుగులు అంటే 3.66 మీటర్లు, 47 హెర్ట్జ్, అంటే సెకనుకు 47 కంపనాలు, వస్తుంది. 10 అడుగులు అంటే 3.05 మీటర్లు, 56 హెర్ట్జ్. మీ గదికి వెడల్పూ 10, ఎత్తూ 10. అంటే 56 దగ్గర రెండు దెబ్బలు ఒకేచోట పడతాయి. బేస్ గిటార్‌లో 'ఏ' (A) అనే తీగను ఖాళీగా మీటితే 55 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఆ స్వరం మీదికి వచ్చిన ప్రతిసారీ మీ గది బొయ్యిమంటుంది, పక్క స్వరానికి పోగానే మామూలవుతుంది. పాట వాయించేది ఆయన కాదు, మీ గది అన్నట్టుంటుంది.

ఈ నిలబడే ధ్వని ఒత్తిడి గోడల దగ్గర ఎక్కువ, నడిమధ్యలో తక్కువ. మూడు తలాలు కలిసే మూల అయితే మరీ ఎక్కువ. మీరు స్పీకర్లను మూలల్లో పెట్టి, తలను వెనక గోడకు ఆనించి కూర్చుంటానంటున్నారు. అంటే బొయ్యిమనే చోట పుట్టించి, బొయ్యిమనే చోటే వింటారన్నమాట. దీనికి 12 అంగుళాల పోర్టు బాక్సు (గాలి గొట్టం ఉన్న డబ్బా) తోడైతే ఇక చెప్పేదేముంది.

ఒక పని చేయండి. ఖాళీ గదిలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి ఏం వినబడిందో రాయండి.

మైకుసెట్టు పుత్తూరు | ఆదివారం మధ్యాహ్నం 12.02

టీచరమ్మా, మా 15 అంగుళాల డబ్బాలు గంగమ్మ జాతరలో వీధంతా అదరగొడతాయి. అక్కడ ఈ 56, 47 ఎవరికీ రాలేదే?

ఫిజిక్స్ టీచరమ్మ | ఆదివారం మధ్యాహ్నం 12.20

వీధికి పైకప్పు లేదు కదండీ.

మైకుసెట్టు పుత్తూరు | ఆదివారం మధ్యాహ్నం 12.24

అదీ నిజమే.

బైరాగిపట్టెడ బాబు | ఆదివారం మధ్యాహ్నం 1.40

చప్పట కొట్టాను మేడమ్. చివర్లో "ట్రింగ్" అని సన్నగా, స్ప్రింగు లాగి వదిలినట్టు వినబడింది. మా ఆవిడ కిందినుంచి ఎవరిని పిలుస్తున్నావని అడిగింది.

పాత వాల్వు | ఆదివారం సాయంత్రం 5.10

ఫోటోలు చూశాను బాబూ. కొంచెం కష్టంగా ఉంటుంది గానీ చెప్పక తప్పదు.

ఎల్100 సెంచరీని జేబీఎల్ 1970లో తెచ్చింది. అంతకుముందు స్టూడియోల కోసం చేసిన 4310 మానిటర్‌నే కొద్దిగా మార్చి ఇళ్లకు తయారుచేశారు. నువ్వు పెట్టిన ఫోటోలో తెల్ల వూఫర్ ఉంది, పోర్టు గొట్టం ఉంది, ముందు పలక మీద రెండు తిప్పుడు బిళ్లలు ఉన్నాయి. ఇంతవరకు బాగుంది. ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) దగ్గర చూడు. ఆ నాటి ఎల్100లో ట్వీటర్ గరాటులాంటి చిన్న కాగితం కోన్. నీ ఫోటోలో ఎడమ డబ్బాకు కాగితం కోన్ ఉంది, కుడి డబ్బాకు గుండ్రంగా ఉబ్బిన సిల్కు డోమ్ ఉంది. అంటే ఒకటి ఎప్పుడో కాలిపోయింది, చేతికి దొరికింది బిగించారు. ఆ ట్వీటర్ చుట్టూ స్క్రూ తలలు కూడా మెరుస్తున్నాయి, మిగతావి నల్లబడి ఉన్నాయి.

అమ్మే ఆయన మోసగాడని నేననను, ఆయనకే తెలియకపోవచ్చు. అయితే రెండు ట్వీటర్లు రెండు రకాలైతే జత జత కాదు. వయొలిన్ ఒక పక్కకు లాగేస్తుంది. అసలు ట్వీటర్ వెతికి కొనాలంటే దొరికేది ఎప్పుడో, ధర ఎంతో.

నా సంగతి చెబుతా. 2011లో బెంగళూరులో ఒక ఇంట్లో త్రీ వే జత ఒకటి కొన్నాను. పాట పెట్టి వినిపించారు, అద్భుతం. ఇంటికొచ్చి వారం రోజులు విన్నాక గానీ తెలియలేదు, పాడే మనిషి ఎప్పుడూ ఎడమవైపు రెండడుగులు జరిగి నిలబడుతున్నాడు. విప్పి చూస్తే ఒక వూఫర్‌కు వేరే కోన్ ఉంది. వేరేదే, మందంగా, మైకుసెట్టుకు వేసే రకం. పైన నల్ల రంగు కొట్టారు. వాళ్లింట్లో విన్నప్పుడు నాకెందుకు తెలియలేదంటే, కాఫీ ఇచ్చి మాటల్లో పెట్టారు, పాట సగమే విన్నాను. అప్పటినుంచి పాత స్పీకర్లు చూడటానికి పోతే కాఫీ తాగను.

మైకుసెట్టు పుత్తూరు | ఆదివారం సాయంత్రం 5.52

మైకుసెట్టు కోన్ అన్నారు కాబట్టి ఒప్పుకుంటా సార్. మా దగ్గరికి ఇంటి స్పీకర్ తెస్తే మేం చేసేది అదే. కోన్, దాన్ని కదిలించే తీగచుట్ట కాయిల్ రెండూ పీకేసి మా దగ్గరున్న సైజు వేస్తాం. మోగుతుంది. మోగితే చాలనేవాళ్లే వస్తారు మా దగ్గరికి. బాబన్నా, నువ్వు మాత్రం మా లాంటి వాళ్లకు వూఫర్ ఇవ్వొద్దు. నేనే చెబుతున్నా.

బైరాగిపట్టెడ బాబు | ఆదివారం రాత్రి 8.30

ట్వీటర్ తేడా నేను గమనించనే లేదు సార్. ఫోటో పెద్దది చేసి చూస్తే ఇప్పుడు అదొక్కటే కనబడుతోంది.

మరి యమహా సంగతి? దానికీ తెల్ల వూఫరే.

మిక్సింగ్ డెస్క్ | సొంతూరు నగరి, ఉండేది చెన్నై | ఆదివారం రాత్రి 11.48

తెల్ల వూఫర్ మీద ఇంత మోజేంటి బాబు గారూ!

నేను ఎన్‌ఎస్-10ఎం ముందు రోజుకు పది గంటలు కూర్చున్నవాడిని. 1978లో యమహా దాన్ని ఇళ్లలో వినడానికే తెచ్చింది, ఇళ్లవాళ్లకు పెద్దగా నచ్చలేదు. రికార్డింగ్ ఇంజనీర్లు ఎత్తుకున్నారు. ఎందుకంటే మిక్స్‌లో (గొంతు, వాయిద్యాలు కలపడంలో) తప్పుంటే దాచదు, మొహం మీద చెబుతుంది. గొంతు, గిటార్ ఉండే మధ్య స్థాయి ముందుకు పొడుచుకొస్తుంది, కింది బేస్ తక్కువ. ట్వీటర్ చెవుల్లో గుచ్చుతోందని దానిమీద టిష్యూ కాగితం అంటించుకునేవాళ్లు. ఇదేదో కట్టుకథ కాదు, నేనూ అంటించాను. దానిమీద బాగుందనిపిస్తే ఎక్కడైనా బాగుంటుంది. అది పనిముట్టు. సాయంత్రం దివాన్ మీద కాళ్లు చాపుకుని ఎమ్మెస్‌ను వినడానికి కాదు. మీ టైల్స్ గదిలో అయితే అరగంటకు తలనొప్పి వస్తుంది.

40 వేలు స్టూడియో పేరుకు పెడుతున్నట్టు. వదిలేయండి.

మదనపల్లి శ్రోత | సోమవారం ఉదయం 7.15

బీబీసీ వాళ్ల ఎల్‌ఎస్3/5ఏ చిన్న గదికి బాగుంటుందని విన్నాను. ఎవరైనా వాడారా?

పాత వాల్వు | సోమవారం ఉదయం 7.40

బాగుంటుంది. బయట ప్రసారాలకు తిప్పే వ్యాన్లలో, ఇరుకు చోట వినడానికి బీబీసీ ఇంజనీర్లు 70లలో చేసిన డిజైన్. కెఫ్ డ్రైవర్లు, మూసిన చిన్న డబ్బా. మనిషి గొంతు దానిలో విన్నట్టు మరోదాంట్లో వినలేదు. అయితే ధర బాబు బడ్జెట్‌కు అందదు, పైగా సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందనేది, తక్కువ, 82, 83 డెసిబెల్స్ దగ్గరే. ఎవరైనా 30 వేలకు ఇస్తానంటే ముందు అనుమానించాలి.

ఇక వేలూరు జత. నాకు ఇందులో నచ్చింది అదే.

ఏఆర్ అంటే అకౌస్టిక్ రీసెర్చ్, అమెరికా కంపెనీ. ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ 1954లో పెట్టారు. విల్చర్ ఆలోచన ఏంటంటే, వూఫర్‌ను గట్టి బిగింపుతో కాకుండా మెత్తగా వదిలేసి, గాలి చొరబడకుండా మూసిన డబ్బాలో పెడితే, లోపలి గాలే స్ప్రింగులా పనిచేస్తుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి తొయ్యి, గాలి తిరిగి తోస్తుంది చూడు, అదే. అందుకే చిన్న డబ్బాలోంచి కూడా లోతు వస్తుంది. ఏఆర్-18 ఆ వంశంలో చిన్నది, 8 అంగుళాల వూఫర్, ఒక ట్వీటర్, అంతే. పోర్టు డబ్బాలో బేస్ ఒకచోటి నుంచి ధడాలున పడిపోతుంది. మూసిన డబ్బాలో మెల్లగా దిగుతుంది. చిన్న గది ఎలాగూ కింది బేస్‌ను పెంచుతుంది కాబట్టి ఈ మెల్లగా దిగడం, గది పెంచడం కలిసి సరిపోతాయి.

స్పాంజి పోవడం జబ్బు కాదు, వయసు. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ పదిహేను, ఇరవై ఏళ్లకు చీకిపోతుంది, మన ఉక్కకు ఇంకా ముందే. మార్చుకోవచ్చు. అందుకే తక్కువకు ఇస్తున్నాడు. స్పాంజి పోయిన జతలో చూడాల్సింది కాయిల్, ట్వీటర్, కోన్ కాగితం. ఈ మూడూ బాగుంటే మిగతాది మన చేతిపని.

ఫిజిక్స్ టీచరమ్మ | సోమవారం సాయంత్రం 6.05

మూసిన డబ్బాలు కొంచెం ఎక్కువ పవర్ అడుగుతాయి. అయినా ఈ గదికి 35 వాట్లు ధారాళం. 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి కాబట్టి 35కూ 50కీ మధ్య తేడా మీ చెవికి దాదాపు తెలియదు. ఎక్కువ వాట్ల కోసం ఆంప్ మార్చకండి.

బైరాగిపట్టెడ బాబు | సోమవారం రాత్రి 9.00

శనివారం వేలూరు పోతున్నా. ఏం తీసుకెళ్లాలి?

పాత వాల్వు | సోమవారం రాత్రి 9.35

మల్టీమీటర్, మామూలు గడియారం బ్యాటరీ ఒకటి, రెండు వైరు ముక్కలు, టార్చి, న్యూస్‌పేపరు, నీ రిసీవర్ బరువైతే ఏదైనా చిన్న ఆంప్.

ముందు మీటర్‌ను స్పీకర్ వెనక టెర్మినళ్లకు పెట్టు. 8 ఓమ్ స్పీకర్ అంటే మీటర్ 8 చూపదు, ఐదున్నర నుంచి ఏడు మధ్య ఎక్కడో ఆగుతుంది. 4 ఓమ్‌దైతే మూడు, మూడున్నర. అసలు అంకె కంటే రెండింటికీ ఒకేలా ఉందా అనేది ముఖ్యం. అక్కడ తెలిసేది వూఫర్ కాయిల్ గురించే. ట్వీటర్‌కు ముందు కెపాసిటర్ అడ్డం ఉంటుంది, మీటర్ దాన్ని దాటి చూడలేదు. దానికే న్యూస్‌పేపరు. గొట్టంగా చుట్టి ఒక చివర ట్వీటర్ దగ్గర, రెండో చివర చెవి దగ్గర పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో విను. తాళం చప్పుడు, "స", "ష" అక్షరాలు గొట్టంలో వినబడాలి, రెండింటికీ ఒకేలా.

తర్వాత గడియారం బ్యాటరీ. ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించు. కోన్ ముందుకు వస్తుంది. రెండూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతే లోపల ఎవరో వైర్లు తారుమారు చేశారని. పాత జేబీఎల్‌లో మాత్రం ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి పోతుంది, అది వాళ్ల పద్ధతి, చూసి కంగారు పడొద్దు. 9 వోల్టుల చదరపు బ్యాటరీ మాత్రం వాడొద్దు.

చివరగా, కోన్ మధ్యలో బుడిపెకు అటూ ఇటూ రెండు చేతుల వేళ్లు పెట్టి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కు. చెవి దగ్గర పెట్టుకో. గరగర అంటే కాయిల్ రాసుకుంటోంది. స్పాంజి లేని వూఫర్‌లో కోన్ ఒక పక్కకు వాలి ఉంటుంది కాబట్టి కొంచెం రాసుకోవచ్చు, నడిమికి తెచ్చి నొక్కి చూడు.

స్పాంజి లేకుండా గట్టిగా పాట పెట్టనివ్వకు, కాయిల్ చెడుతుంది.

మైకుసెట్టు పుత్తూరు | సోమవారం రాత్రి 9.50

చెదలు కూడా చూడన్నా. డబ్బా అడుగున, వెనక. పార్టికిల్ బోర్డు నీళ్లు తాగితే అంచులు ఉబ్బి బిస్కెట్‌లా పొడవుతుంది.

బైరాగిపట్టెడ బాబు | శనివారం రాత్రి 10.30

పోయొచ్చాను. కాట్పాడి రైలెక్కుదామనుకున్నా గానీ తిరిగొచ్చేటప్పుడు రెండు డబ్బాలతో ఎక్కడం కష్టమని బావ కారు అడిగి తీసుకున్నా. దారిలో చిత్తూరులో ఆగి పాత వాల్వు గారిని ఎక్కించుకుందామని ఫోన్ చేస్తే, మనవరాలి పుట్టినరోజని తప్పించుకున్నారు.

అమ్మే ఆయన రిటైర్డ్ ఇంజనీరు. తమిళంలో మొదలుపెట్టాను, ఆయన తెలుగులో అందుకున్నాడు. 80లలో విదేశం నుంచి వస్తూ తెచ్చుకున్నాడట. జాలీ తీయగానే నల్లటి జిగురు పొడి ఆయన తెల్ల లుంగీ మీద పడింది. స్పాంజి అసలు లేదు, కోన్ చుట్టూ నల్లటి మరక మాత్రం ఉంది, వేలితో తాకితే తారులా అంటుకుంది. కోన్ కాగితం మాత్రం శుభ్రంగా ఉంది, ఎక్కడా చిరుగు లేదు.

మీటర్ పెట్టాను, రెండింటికీ అంకె దాదాపు ఒకటే, పాయింటు తర్వాత తేడా. బ్యాటరీ తాకించగానే రెండూ ముందుకే వచ్చాయి. ఆయనకు ఇదంతా భలే సరదాగా అనిపించింది, తానొకసారి తాకిస్తానని తీసుకున్నాడు. న్యూస్‌పేపరు గొట్టంతో ట్వీటర్లు విన్నాను. కుడిది సరిగ్గా వినబడింది. ఎడమది చాలా నెమ్మదిగా, పక్క గదిలోంచి వస్తున్నట్టుంది.

అప్పుడు టెన్షన్ పడ్డాను. ట్వీటర్ పోయిందేమో, వదిలేద్దామా అనుకున్నా. ఆయనే అన్నాడు, విప్పి చూద్దామని. స్క్రూలన్నీ ఒకే రంగు, ఎవరూ ముట్టుకోలేదు. విప్పి, ట్వీటర్‌ను కుడి డబ్బా వైర్లకు కలిపి చూశాం. చక్కగా పాడింది! అంటే ట్వీటర్ బాగుంది, ఎడమ క్రాస్‌ఓవర్‌లో (శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్‌లో) కెపాసిటర్ ఎండిపోయింది.

11,500కు ఇచ్చాడు. కాఫీ ఇచ్చాడు, పాత వాల్వు గారి మాట గుర్తొచ్చి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక తాగాను.

పాత చీరల్లో చుట్టి వెనక సీటులో పెట్టుకుని వచ్చాను.

పాత వాల్వు | ఆదివారం ఉదయం 6.10

విప్పి అటూ ఇటూ మార్చి చూడటం నేను చెప్పనిది. బాగా చేశావు.

కెపాసిటర్లు రెండింటికీ మార్చు, ఒక్కదానికే కాదు. దాని మీద రాసిన విలువే వేయి, పోలారిటీ (ప్లస్, మైనస్ తేడా) లేని రకం, నాన్ పోలార్ అంటారు, అది కావాలి. మామూలు ఎలక్ట్రోలైటిక్ వేయకు.

మిక్సింగ్ డెస్క్ | ఆదివారం మధ్యాహ్నం 3.30

ఫిల్మ్ కెపాసిటర్ వేయండి, ఇక జన్మలో ఎండిపోదు. ఇక్కడ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది, కావాలంటే నేను కొని బస్సులో పంపిస్తా.

పాత వాల్వు | ఆదివారం మధ్యాహ్నం 3.55

వేయొచ్చు. పాత ఎలక్ట్రోలైటిక్‌కు లోపల కొంచెం రెసిస్టెన్స్ ఉంటుంది, ఫిల్మ్‌కు దాదాపు ఉండదు. ఫిల్మ్ వేస్తే ట్వీటర్ కాస్త ముందుకు వస్తుంది. ఆ టైల్స్ గదిలో అది కోరుకుంటామా? కావాలంటే సిరీస్‌లో చిన్న రెసిస్టర్ కలపాలి. నేనైతే నాన్ పోలారే వేస్తా.

మిక్సింగ్ డెస్క్ | ఆదివారం సాయంత్రం 4.10

మీరు చెబితే సరే సార్. వెండి తీగలు, బంగారు పిన్నుల దాకా పోనంతవరకు నాకు అభ్యంతరం లేదు.

బైరాగిపట్టెడ బాబు | తర్వాతి ఆదివారం రాత్రి 9.15

8 అంగుళాల ఫోమ్ కిట్ తెప్పించాను. ఫోమ్ బదులు రబ్బరు సరౌండ్ (కోన్ చుట్టూ పట్టీ) వేస్తే చీకదు కదా అని అడిగితే, గట్టిగా ఉండి వూఫర్ స్వభావమే మారుతుందని మైకుసెట్టు అన్న ఫోన్‌లో ఆపాడు. నిన్న ఆయనే పుత్తూరు నుంచి వచ్చాడు. మైకుసెట్టు వాళ్లకు ఇవ్వొద్దని చెప్పిన మనిషే వచ్చి చేసిపెట్టాడు.

సగం రోజు గీకడానికే పోయింది. పాత జిగురు కోన్ అంచు నుంచి స్పిరిట్‌తో, దూదితో, గోటితో తీశాం. తొందరపడితే కాగితం పొరలుగా లేస్తుంది. బుడిపెను బ్లేడుతో గుండ్రంగా కోసి తీశాడు. లోపల కాయిల్‌కూ నడిమి ఇనుముకూ మధ్య సందు వెంట్రుకంత. మా నాన్న మోకాలి పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నటి పట్టీలుగా కత్తిరించి ఆ సందులో చుట్టూ దోపాడు. అప్పుడు కాయిల్ నడిమిలో కదలకుండా నిలబడింది. ఫోమ్‌ను ముందు కోన్‌కు అంటించి ఆరనిచ్చి, తర్వాత ఫ్రేముకు అంటించి రాత్రంతా వదిలేశాం. పొద్దున ఎక్స్‌రే పట్టీలు లాగేసి నొక్కితే చప్పుడే లేదు. అన్న మొహం చూడాలి.

మైకుసెట్టు పుత్తూరు | ఆదివారం రాత్రి 9.40

మోకాలు ఎక్స్‌రే మందం సరిగ్గా కుదిరింది. నాన్నగారికి థ్యాంక్స్ చెప్పన్నా.

డబ్బాలో బిగించాక కోన్ నొక్కి వదిలితే మెల్లగా వెనక్కి రావాలంట కదా సార్? ఒకటి మెల్లగా వచ్చింది, ఒకటి టక్కున వచ్చింది. ఎక్కడో గాలి పోతోందని వెతికితే వెనక టెర్మినల్ ప్లేటు దగ్గర. పుట్టీ పెట్టాం, ఇప్పుడు రెండూ ఒకటే.

ఫిజిక్స్ టీచరమ్మ | సోమవారం ఉదయం 5.50

ఇక గది. మూలల్లోంచి బయటికి తీయండి. 10 అడుగుల గోడ ముందు, గోడకు అడుగున్నర దూరంలో, రెంటి మధ్య ఐదున్నర అడుగులు. ట్వీటర్ మీ చెవి ఎత్తుకు రావాలి. దివాన్‌ను వెనక గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపండి, అయితే గది నడిమధ్యకు రాకండి, అక్కడ 47 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. కింద జంపఖానా, వెనక గోడకు పత్తి పరుపు నిలబెట్టండి. పరుపు ఆ "ట్రింగ్"ను తగ్గిస్తుంది. 56ను తగ్గించదు, అది అంత మందంతో లొంగేది కాదు. దాన్ని జాగా మార్చే దారికి తెచ్చుకోవాలి.

బైరాగిపట్టెడ బాబు | గురువారం రాత్రి 11.20

కుప్పం గ్రానైట్ తుక్కు ముక్కలు రెండు దొరికాయి, సిమెంటు ఇటుకల మీద పేర్చి స్టాండ్లు చేశా. పరుపు నిలబెట్టా. చప్పట కొడితే ఇప్పుడు చప్పటే వినబడుతోంది.

మొదటి పాటకే బీరువా తలుపు జిర్రుమంది. 56 హెర్ట్జ్ అంటే ఏంటో బీరువా చెప్పింది మేడమ్. తలుపు సందులో అట్టముక్క పెట్టా, స్పీకర్లను ఇంకో నాలుగు అంగుళాలు ముందుకు లాగా. బొయ్యి తగ్గింది. పోలేదు, తగ్గింది.

నాన్నను పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టా. ఎమ్మెస్ ఎల్పీ పెట్టా. తంబూరా మొదలవగానే ఆయన లేచి కుడి స్పీకర్ దగ్గరికి పోయి చెవి పెట్టాడు, తర్వాత ఎడమదానికి పెట్టాడు, వచ్చి కూర్చున్నాడు. "పాట మధ్యలోంచి వస్తోంది, అక్కడేమీ లేదే" అన్నాడు. సైడ్ అయ్యేదాకా మళ్లీ మాట్లాడలేదు. అయ్యాక, రెండో సైడు తిప్పమన్నాడు.

మొత్తం ఖర్చు 15 వేలు దాటలేదు.

కొత్తదే మేలు | రేణిగుంట | శుక్రవారం ఉదయం 9.05

ఒకసారి వచ్చి వినొచ్చా?

బైరాగిపట్టెడ బాబు | శుక్రవారం ఉదయం 9.12

తప్పకుండా రండి. ఆదివారం అయితే మైకుసెట్టు అన్న కూడా వస్తాడు.

మదనపల్లి శ్రోత | శుక్రవారం రాత్రి 8.40

బాబు గారూ, ఆ మద్రాసు జత ఇంకా ఉందా? మా హాలు 18 అడుగులు, కప్పు 13. పాతకాలం ఇల్లు.

బైరాగిపట్టెడ బాబు | శుక్రవారం రాత్రి 9.02

ఉంది, మొన్ననే ఫోన్ చేసి 42కు దిగాడు. నంబరు మెసేజ్‌లో పంపిస్తా. కుడి ట్వీటర్ సంగతి చెప్పి ఇంకా దించండి.